పాత 2960 స్విచ్‌కి ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు ఉన్న ఇమేజ్ జోలికి వెళ్ళకండి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, 2009లో పెట్టిన 24 పోర్టుల సిస్కో క్యాటలిస్ట్ 2960 నెట్‌వర్క్ స్విచ్, అప్పట్నించి ఆపింది లేదు. వేబ్రిడ్జి కంప్యూటరు, కెమెరాలు, వేలిముద్రల మిషను, కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ లాగర్ అన్నీ దానిమీదే. ఆడిట్‌కి వచ్చినాయన దూరం నించి స్విచ్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే టెల్నెట్ తీసేసి, అదే పని ఎన్‌క్రిప్షన్‌తో చేసే ఎస్ఎస్‌హెచ్ పెట్టమన్నాడు, మీరు పెడదామని చూస్తే ఆ కమాండే తీసుకోవట్లేదు, వెర్షన్ చూస్తే 12.2(35)ఎస్ఈ5 అని ఉంది, ఫర్మ్‌వేర్ (స్విచ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, దాని ఫైల్‌నే ఇమేజ్ అంటాం) మారిస్తే సరిపోద్దా, మధ్యలో కరెంటు పోతే స్విచ్ చచ్చిపోద్దా అని అడిగారు. సరిపోద్దండి. కరెంటు పోయినా స్విచ్ చావకుండా చేసుకోవచ్చు, అదెలాగో చెప్పడానికే ఇంత రాస్తున్నా. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఎలాగూ ఇంగ్లీషులోనే కొడతారు కదా.

ముందు ఆ ఎస్ఎస్‌హెచ్ ఎందుకు రావట్లేదో చూద్దాం. మీరు పెట్టిన షో వెర్షన్ అవుట్‌పుట్‌లో ఇమేజ్ ఫైల్ పేరు "సీ2960-లాన్‌బేస్-ఎంజెడ్" అని ఉంది చూడండి, లాన్‌బేస్ పక్కన "కే9" అనే ముక్క లేదు. ఆ కే9 ఉన్న ఇమేజ్‌లోనే ఎన్‌క్రిప్షన్ ఉంటది, అది లేకపోతే క్రిప్టో కీ జెనరేట్ అన్న కమాండ్ కూడా ఉండదు, అంచేత మీరు ఎన్నిసార్లు కొట్టినా తీసుకోదు. మీ తప్పేం లేదు. అప్పట్లో చాలా స్విచ్‌లు ఈ కే9 లేని ఇమేజ్‌తోనే వచ్చేవి, ఎవరూ పట్టించుకోలేదు. అంటే మీకు అప్‌గ్రేడ్ చెయ్యడానికి గట్టి కారణమే ఉంది. ఊరికే కొత్త వెర్షన్ వచ్చింది కదా అని బాగా నడుస్తున్న పాత స్విచ్‌ని కెలకొద్దని నేను అందరికీ చెప్తుంటా, మీ విషయంలో మాత్రం చెయ్యాల్సిందే. పైగా టెల్నెట్ వాడే పాత ఐఓఎస్‌లకి (సిస్కో ఫర్మ్‌వేర్ పేరే ఐఓఎస్) 2017లో బయటపడ్డ పెద్ద లోపం ఒకటుంది, లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2017-3881, పాస్‌వర్డ్ అక్కర్లేకుండా టెల్నెట్ ద్వారా స్విచ్ మొత్తం చేతిలోకి తీసేసుకోవచ్చు, 300 పైచిలుకు సిస్కో స్విచ్ మోడల్స్‌కి ఉందది, 2960లు కూడా అందులో ఉన్నాయి. మీ ఆడిటర్ చెప్పింది ఊరికే కాదు.

ఇప్పుడు మోడల్ నంబరు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు కాబట్టి కాస్త నింపాదిగా చదవండి. 2960 అనే పేరుతో నాలుగైదు రకాలున్నాయి. మీది 24టీటీ-ఎల్ అన్నారు, చివర ఎల్ ఉంటే లాన్ బేస్, చివర ఎస్ ఉంటే లాన్ లైట్, దానికి ఇమేజ్ వేరు. మళ్ళీ 2960 అంకె పక్కనే ఎస్ ఉంటే, అంటే 2960ఎస్ అంటే అది అసలు వేరే కుటుంబం, దాని ఇమేజ్ మీదాంట్లో బూట్ అవ్వదు. 2960ఎక్స్ ఇంకోటి. చివర ఎస్‌కీ మధ్యలో ఎస్‌కీ తేడా చూసుకోక తప్పు ఫైల్ దింపుకున్నవాళ్ళని చాలామందిని చూశా. మీకు కావాల్సింది సీ2960-లాన్‌బేస్‌కే9 ఇమేజ్, వెర్షన్ 15.0(2)ఎస్ఈ వరసలో చివర్లో వచ్చిన ఎస్ఈ11. అది సుమారు 12 ఎంబీ లోపు ఉంటది.

ఫైల్ ఎక్కడ దొరుకుద్ది అంటే సిస్కో సైట్‌లోనే తీసుకోవాలి. సర్వీస్ కాంట్రాక్ట్ లేదని కంగారు పడకండి, సెక్యూరిటీ లోపం ఉన్న వెర్షన్ నడుపుతున్నవాళ్ళు కాంట్రాక్ట్ లేకపోయినా సిస్కో టాక్‌ని, అంటే వాళ్ళ టెక్నికల్ సపోర్ట్‌ని, అడగొచ్చని వాళ్ళ సెక్యూరిటీ అడ్వయిజరీల్లోనే రాసుంటది, స్విచ్ సీరియల్ నంబరూ ఆ అడ్వయిజరీ లింకూ ఇచ్చి అడగండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో, ఎవరి గూగుల్ డ్రైవ్‌లోనో దొరికే ఫైల్ మాత్రం వద్దండి. ఎవరో పంపిన బిన్ ఫైల్‌ని ఫ్యాక్టరీ మొత్తానికి ఆధారమైన స్విచ్‌లోకి ఎక్కించడమంటే తాళం చెవి తెలియనివాళ్ళ చేతికివ్వడమే. దింపుకున్నాక సైట్‌లో ఇచ్చిన ఎండీ5 నంబరు (ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో పోల్చుకునేది) రాసిపెట్టుకోండి, తర్వాత పనుంది.

ఇక అసలు విషయం. నేను చాలా ఏళ్ళ కిందట కోనసీమలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఇదే 2960కి ఇదే పని చేశా. ఫ్లాష్‌లో, అంటే స్విచ్ లోపల ఫైళ్ళుండే మెమరీలో, ఖాళీ చాలట్లేదని చూపించింది, ఉన్న ఇమేజ్ డిలీట్ చేసి కొత్తది కాపీ పెట్టా. సగం ఎక్కాక కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి ఫ్లాష్‌లో పాతదీ లేదు, కొత్తది సగమే ఉంది, స్క్రీన్ మీద "స్విచ్ కోలన్" అని ఒక్క ప్రాంప్ట్ తప్ప ఏం లేదు. తెల్లారితే ఆన్‌లైన్ పరీక్ష. స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ మీద ఎక్స్‌మోడెమ్ అనే పాత పద్ధతితో ఎక్కించా, స్పీడు పెంచుకోవచ్చని అప్పటికి తెలీదు, 9600 బాడ్ మీద అంటే సెకనుకి వెయ్యి బైట్లు కూడా పోవు, మూడు గంటల పైనే పట్టింది, మధ్యలో మళ్ళీ కరెంటు పోతుందేమోనని అంతసేపూ గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నా. ఆ రోజు నించి ఒకటే పద్ధతి: కొత్త ఇమేజ్ బూటయ్యి, పోర్టులన్నీ లేచి, ఒక వారం నడిచేదాకా పాత ఇమేజ్‌ని ముట్టుకోను. పాతది ఫ్లాష్‌లో ఉన్నంతసేపూ కాపీ మధ్యలో కరెంటు పోయినా ఏం కాదు, స్విచ్ పాతదాంతోనే లేస్తది, సగం ఫైల్ తీసేసి మళ్ళీ మొదలెట్టుకోవడమే.

మరి ఖాళీ సంగతేంటి అంటారా. మీ 2960కి ఫ్లాష్ 32 ఎంబీ. రెండు ఇమేజ్‌లు సుఖంగా పడతాయి. పట్టట్లేదంటే ఇంకేదో ఉన్నట్టు, సాధారణంగా ఎప్పుడో మిగిలిపోయిన ఇంకో ఇమేజో, లేకపోతే వెబ్ పేజీల హెచ్‌టీఎంఎల్ ఫోల్డరో అయి ఉంటది. డిర్ ఫ్లాష్ కొట్టి చూడండి, షో వెర్షన్ కొట్టి ప్రస్తుతం ఏ ఫైల్‌తో నడుస్తుందో, షో బూట్ కొట్టి ఏ ఫైల్‌తో బూటవ్వాలని ఉందో చూసి, అవి కానివాటినే తియ్యండి. ఆ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ పోతే బ్రౌజర్‌లో కనపడే పేజీ పోద్ది తప్ప స్విచ్ పనికి ఏ లోటూ రాదు. ఆ రోజు నేను తియ్యాల్సింది అదే. వీలాన్ డాట్ డీఏటీ అని ఒక చిన్న ఫైల్ కనిపిస్తది, దాన్ని మాత్రం పొరపాటున కూడా తియ్యొద్దు, మీ వీలాన్‌ల (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌ల) పేర్లూ నంబర్లూ అందులోనే ఉంటాయి.

ఆ మాట వచ్చింది కాబట్టి బ్యాకప్ గురించి. చాలామంది రన్నింగ్ కాన్ఫిగ్ (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులు) కాపీ చేసుకుని బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. వీటీపీ (వీలాన్‌ల జాబితాని స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) సర్వర్ మోడ్‌లో ఉన్న స్విచ్‌లో వీలాన్‌లు రన్నింగ్ కాన్ఫిగ్‌లో కనపడవండి, ఆ వీలాన్ డాట్ డీఏటీ ఫైల్‌లోనే ఉంటాయి, అంచేత రెండూ లాప్‌టాప్‌లోకి తీసుకోండి. పాత ఇమేజ్ కూడా ఒక కాపీ బయటికి తీసి పెట్టుకోండి, ఆ వెర్షన్ రేపు ఎక్కడా దొరక్కపోవచ్చు. ఇంకోటి, రన్నింగ్ కాన్ఫిగ్‌నీ బూటయ్యేటప్పుడు చదివే స్టార్టప్ కాన్ఫిగ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేనేళ్ళుగా ఆపని స్విచ్ అంటున్నారు, మధ్యలో ఎవరో పోర్టు మార్చి రైట్ మెమరీ కొట్టి సేవ్ చెయ్యకుండా వెళ్ళిపోయి ఉంటే రీబూట్ అవ్వగానే అది పోద్ది, అప్పుడు కొత్త ఫర్మ్‌వేర్ వల్లే పోయిందనుకుని మీరు రాత్రంతా తప్పు చోట వెతుక్కుంటారు.

ఇదంతా అయ్యాక కూడా ఇంకా ఇమేజ్ ఎక్కించొద్దు. ముందు పాత ఇమేజ్‌తోనే ఒక్కసారి స్విచ్‌కి కరెంటు ఆపి మళ్ళీ వెయ్యండి, రీలోడ్ కొడితే కరెంటు ఆగదు కాబట్టి అది చాలదు. ఎందుకంటే ఇలా ఏళ్ళ తరబడి వేడి మీద నడిచిన స్విచ్ నడుస్తున్నంతసేపు బానే ఉంటది, ఆపి వేసినప్పుడే లేవదు, లోపల పవర్ సప్లై కెపాసిటర్లు ఉబ్బిపోయి ఉంటాయి. మన వైపు చెరువుల తేమా, తీరం దగ్గరైతే ఉప్పుగాలీ, పోర్టుల్లో రాగి పిన్నులు కూడా పచ్చబడి ఉంటాయి. మీ ర్యాక్ పీలింగ్ షెడ్డు పక్కనే ఉంటే ఇంకా చూస్కోవాలి. పాతదాంతో లేవకపోతే అది హార్డ్‌వేర్ గొడవ, ఫర్మ్‌వేర్‌ది కాదు. అది ముందే తేలిపోవాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల ఏమైందో ఎప్పటికీ తెలీదు. ఇలా ఆపి వేసే ముందే ఇంకో స్విచ్ పక్కన పెట్టుకోండి, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, మీ కాన్ఫిగ్ అందులో వేసి సిద్ధంగా ఉంచండి. కాకపోతే దాన్ని నెట్‌వర్క్‌కి తగిలించే ముందు వీటీపీ మోడ్ ట్రాన్స్‌పరెంట్ చెయ్యడం మర్చిపోకండి, ఎక్కడో వాడిన స్విచ్ రివిజన్ నంబరు మీదానికన్నా ఎక్కువుండి డొమైన్ పేరు ఒకటే అయితే మీ వీలాన్‌లన్నీ క్షణంలో తుడిచేస్తది.

టైము విషయం. పట్టుబడుల సీజన్‌లో చెరువుల నించి లోడ్లు వస్తూనే ఉంటాయి, వేబ్రిడ్జి పది నిమిషాలు ఆగితే గేటు దగ్గర లారీలు వరస కట్టేస్తాయి. లోడ్లు తక్కువున్న రోజు చూసి రాత్రి షిఫ్టు దిగాక పెట్టుకోండి. రీబూట్ ఐదు నిమిషాల్లోపు అయిపోద్ది గానీ మీరు రెండు గంటలు అడగండి. ముఖ్యంగా కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్‌కి ముందే చెప్పండి, లాగర్ నెట్‌వర్క్ మీదుంది కాబట్టి ఆ కాసేపూ టెంపరేచర్ అలారం మీ ఫోన్లకి రాదు, ఆయన ప్యానెల్ దగ్గరుండి కళ్ళతో చూసి కాయితం మీద రాయాలి. సెక్యూరిటీ వాళ్ళకి కూడా చెప్పండి, కెమెరా రికార్డింగ్‌లో ఖాళీ వస్తది, దాని టైము రాసిపెట్టుకుంటే మళ్ళీ ఆడిట్‌లో అడిగినప్పుడు చూపించొచ్చు.

కరెంటు గురించి మీరు జనరేటర్ ఉంది కదా అన్నారు. జనరేటర్ అందుకునే లోపు పోయే ఆ పది పదిహేను సెకన్లే మనకి ప్రమాదం, ఏరేటర్లకి ఆ కాసేపు ఆగినా ఫర్వాలేదు గానీ స్విచ్‌కి అర సెకను చాలు. ఈ స్విచ్ తినేది 30 వాట్ల లోపే, మామూలు 600 వీఏ యూపీఎస్ సరిపోద్ది, కాకపోతే బ్యాటరీ బాగుందో లేదో గోడ ప్లగ్ పీకేసి ముందే చూస్కోండి. లాప్‌టాప్ ఛార్జింగ్ ఫుల్లుగా పెట్టుకోండి. ఉరుములు మెరుపులు ఉన్న రోజు వాయిదా వెయ్యండి.

ఇంటి నించి రిమోట్‌లో చెయ్యకండి, స్విచ్ ముందు కూర్చుని కన్సోల్ కేబుల్ పెట్టుకుని చెయ్యండి. కేబుల్ లేత నీలం రంగు రోలోవర్ కేబుల్, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో స్పీడు 9600, 8 బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ ఆఫ్. చవకరకం యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్లు కొన్ని కొత్త విండోస్‌లో డ్రైవర్ తీసుకోవు, ఆ సంగతి అర్ధరాత్రి తెలిస్తే లాభం లేదు, పగలే తగిలించి ఎంటర్ కొట్టి ప్రాంప్ట్ వస్తుందో లేదో చూడండి. పుట్టీలో లాగింగ్ ఆన్ చేసుకోండి, స్క్రీన్ మీద పోయే ప్రతి లైనూ ఫైల్‌లో ఉంటది.

ఇమేజ్‌ని స్విచ్‌కి పంపడానికి లాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీడీ64 అనే ప్రోగ్రాం పెట్టుకోండి. వైఫై ఆపెయ్యండి, లేకపోతే అది వైఫై ఐపీ మీద కూర్చుంటది. విండోస్ ఫైర్‌వాల్ ఈ ప్రోగ్రాం వాడే యూడీపీ 69 పోర్టుని అడ్డుకుంటది, ఆ పనంతసేపూ దానికి దారి ఇవ్వాలి. మేనేజ్‌మెంట్ వీలాన్‌లో ఉన్న ఖాళీ పోర్టుకి లాప్‌టాప్ తగిలించి, స్విచ్ నించి లాప్‌టాప్‌కి పింగ్ వెళ్ళాకే కాపీ టీఎఫ్‌టీపీ ఫ్లాష్ కొట్టండి. వరసగా ఆశ్చర్యార్థకాలు పడుతుంటే బాగా పోతున్నట్టు, చుక్కలు పడుతుంటే టైమౌట్ అవుతున్నట్టు. కాపీ మొదలెట్టేముందు ఫ్లాష్‌ని ఎరేజ్ చెయ్యమంటావా అని అడిగితే ఒక్క క్షణం ఆగి నో అనండి. అలవాటుగా ఎంటర్ కొట్టేస్తే పాత ఇమేజ్‌తో పాటు కాన్ఫిగ్ కూడా పోద్ది, ఎందుకంటే ఈ స్విచ్‌లో స్టార్టప్ కాన్ఫిగ్ ఉండేది కూడా ఆ ఫ్లాష్‌లోనే.

ఎక్కాక వెరిఫై స్లాష్ ఎండీ5 కొట్టి వచ్చిన నంబరు ముందు రాసుకున్నదాంతో అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే డిలీట్ చేసి మళ్ళీ కాపీ చెయ్యండి, బూట్ మాత్రం చెయ్యొద్దు. సరిపోతే బూట్ సిస్టమ్ కమాండ్‌లో కొత్త ఫైల్ పేరు, సెమీకోలన్, పాత ఫైల్ పేరు, ఇలా రెండూ వరసగా ఇవ్వండి. ఈ సెమీకోలన్ సంగతి చాలామందికి తెలీదు, బూట్ లోడర్ మొదటిది ప్రయత్నించి అది లోడ్ అవ్వకపోతే రెండోది తీసుకుంటది. రైట్ మెమరీ, మళ్ళీ షో బూట్ కొట్టి పేర్లలో అక్షర దోషాలు లేవని చూసి అప్పుడు రీలోడ్. కొన్ని మోడల్స్‌లో కొత్త వెర్షన్ మొదటిసారి లేచేటప్పుడు లోపల మైక్రోకోడ్ కూడా మార్చుకుంటది, మామూలుకన్నా ఎక్కువసేపు పడుద్ది, ఆగిపోయిందనుకుని ప్లగ్ పీకెయ్యకండి. కన్సోల్‌లో చూస్తూ ఓపిక పట్టండి.

ఒకవేళ ఎంత చేసినా "స్విచ్ కోలన్" ప్రాంప్ట్ దగ్గర ఆగిందనుకోండి, ఫ్లాష్ అండర్‌స్కోర్ ఇనిట్ కొట్టి, డిర్ ఫ్లాష్ చూసి, బూట్ అని పాత ఫైల్ పేరు ఇస్తే లేస్తది. పాతది ఉంచమని ఇందుకే అన్నా. అదీ లేకపోతేనే ఎక్స్‌మోడెమ్, పుట్టీకి ఎక్స్‌మోడెమ్ రాదు కాబట్టి అప్పుడు టెరా టర్మ్ ప్రోగ్రాం వాడాలి, సెట్ బాడ్ 115200 అని కొట్టి దాన్ని కూడా అదే స్పీడుకి మార్చుకుంటే అరగంటలో అయిపోద్ది, తర్వాత అన్‌సెట్ బాడ్ మర్చిపోకండి.

లేచాక పని సగమే అయినట్టు. షో వెర్షన్‌లో కే9 కనపడాలి. తర్వాత డొమైన్ నేమ్ ఇచ్చి, ఆర్ఎస్ఏ కీ 2048తో జెనరేట్ చేసి, ఐపీ ఎస్ఎస్‌హెచ్ వెర్షన్ 2 పెట్టి, యూజర్‌నేమ్ సీక్రెట్ పెట్టి, వీటీవై (రిమోట్ లాగిన్ లైన్లు) 0 నించి 15 దాకా లాగిన్ లోకల్, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్. కన్సోల్ మూసెయ్యకుండా ఇంకో విండోలో లాగిన్ అయ్యి చూశాకే రైట్ కొట్టండి. పాస్‌వర్డ్ దగ్గర ఒక చిక్కుంది, 15 వరసలో కొన్ని రిలీజుల్లో సీక్రెట్ టైప్ 4గా దాచేది, అది బలహీనమని 2013లో సిస్కోనే చెప్పింది, పైగా పాత 12.2కి అది అర్థం కాదు, వెనక్కి వెళ్తే లోపలికి రాలేరు. వెనక్కి వెళ్ళాల్సి వస్తే ముందు తీసుకున్న పాత కాన్ఫిగ్ వేసుకుని వెళ్ళండి.

ఇంకోటి, దీన్ని వదిలెయ్యకండి. కొత్త స్విచ్‌లకి దూరం నించి సెట్టింగులు ఎక్కించే స్మార్ట్ ఇన్‌స్టాల్ అని ఒక ఫీచరుంది, 4786 టీసీపీ పోర్టు మీద వింటూ ఉంటది. మీ 12.2(35)లో అసలది లేదు, కొత్త ఇమేజ్‌తో దానంతటదే ఆన్ అయ్యి వస్తది. 2018లో దానిమీద సీవీఈ-2018-0171 వచ్చింది, ఇన్నేళ్ళయినా ఇంకా దాన్నే వాడుకుని స్విచ్‌ల్లోకి దూరుతున్నారని 2025లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అంటే భద్రత కోసం చేసిన అప్‌గ్రేడే ఒక కొత్త తలుపు తెరిచి పోద్ది. నో వీస్టాక్ అని ఒక్క లైను కొట్టి షో వీస్టాక్ కాన్ఫిగ్‌లో ఆగిపోయిందని చూసుకోండి. ఐపీ హెచ్‌టీటీపీ సర్వర్ కూడా ఆపెయ్యండి, మీరు ఎలాగూ వెబ్ పేజీ వాడరు.

కొత్త లాప్‌టాప్‌లో ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌తో కనెక్ట్ అయితే కీ అల్గారిదమ్ కుదరలేదని తిప్పికొట్టొచ్చు, 8.8 వెర్షన్ నించి పాత ఎస్‌హెచ్‌ఏ1 సంతకాలు డీఫాల్ట్‌గా ఒప్పుకోదు. స్విచ్ పాడైందనుకోకండి, ఆ ఒక్క స్విచ్ ఐపీకి మాత్రం కాన్ఫిగ్ ఫైల్‌లో పాతవాటికి అనుమతి ఇచ్చుకోండి, పుట్టీ అయితే హెచ్చరిక చూపించి పోనిస్తది. వీటీవై మీద యాక్సెస్ లిస్ట్ పెట్టి మీ ఒక్క కంప్యూటర్ నించే లాగిన్ అయ్యేలా చెయ్యండి, ఎందుకంటే ఈ మోడల్‌కి ఇక కొత్త ప్యాచ్‌లు రావు, ఎస్ఈ11 తర్వాత ముందుకెళ్ళే దారి కొత్త స్విచ్ కొనడమే. ఓనరుగారితో ఆ మాట ఇప్పుడే అనండి, ఈ అప్‌గ్రేడ్‌తో ఆడిట్ గట్టెక్కుతారు గానీ వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఇది ఉండాలి.

మీ రెండో స్విచ్ హెచ్‌పీ ప్రోకర్వ్ 2610 అన్నారు, దానికి ఇంత భయం అక్కర్లేదు, ప్రైమరీ సెకండరీ అని రెండు ఇమేజ్ జాగాలుంటాయి, కొత్తది సెకండరీలో వేసి దాన్నించి బూట్ చేస్తే ప్రైమరీ అలాగే ఉంటది.

ముందు 2960 మీద డిర్ ఫ్లాష్ కొట్టి మొత్తం అవుట్‌పుట్ పెట్టండి, అడుగున ఖాళీ బైట్లు ఎన్నున్నాయో ఆ లైను కూడా. ఏది తియ్యొచ్చో ఏది ఉంచాలో చూసి చెప్తా, అప్పటిదాకా డిలీట్ కమాండ్ కొట్టకండి.